హాల్లో యాడ్ వేయాలా, ఇన్‌స్టాలో వేయాలా? నెల్లూరు, ఒంగోలు షాపుల వాళ్ళకి నా లెక్క

దసరాకి ముందు వేదాయపాళెం వైపు బిర్యానీ పాయింట్ పెట్టినాయన మా షాపుకొచ్చి, కుర్చీ లాక్కొని కూర్చొని, టీ కూడా రాకముందే అడిగేశాడు. "అన్నా, నా దగ్గర ముప్పై వేలుంది. కాలేజీ పిల్లకాయలు రావాలి. సినిమా హాల్లో వేద్దామా, ఇన్‌స్టాలో వేద్దామా?"

ఈ ప్రశ్న నన్ను వారానికి ఒకరైనా అడుగుతారు. నెల్లూరులో డిజైనింగ్, యాడ్‌ల పని మొదలుపెట్టి పద్నాలుగేళ్ళయింది, కావలి నుంచి ఒంగోలు దాకా షాపుల వాళ్ళు తెలుసు, అయినా ఒకరికి చెప్పిన జవాబు ఇంకొకరికి చెప్పలేను, ఎందుకంటే ఇది మీ దగ్గర ఎంత డబ్బుందో దాన్ని బట్టి తేలదు, మీరు అమ్మే సరుకుని బట్టి తేలుతుంది. విడివిడిగా చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది కాబట్టి మొత్తం ఒకచోట రాసేస్తున్నా.

ముందు అసలు సంగతి. హాల్లో యాడ్ వేస్తే మీరు గుంపుని కొంటున్నారు. ఫోన్‌లో వేస్తే ఒక్కొక్కడిని విడిగా కొంటున్నారు. పద్దెనిమిది నుంచి పాతికేళ్ళ లోపు పిల్లలు సినిమాకి ఒంటరిగా రావడం చాలా తక్కువ, నలుగురో ఆరుగురో రెండు మూడు బండ్ల మీద వస్తారు, ఆట వదిలాక ఎక్కడ తినాలన్నది ఆ స్టాండులో బండ్లు తీసేటప్పుడే తేలిపోతుంది. ఒకడు పేరు చెప్తాడు, ఇంకొకడు "ఆడొద్దురా" అంటాడు, మూడోవాడు చెప్పింది ఖాయమవుతుంది. అదే కుర్రాడు రాత్రి పదకొండింటికి దుప్పట్లో ఫోన్ చూస్తున్నప్పుడు ఆలోచించేది వేరు. మొహం మీద మొటిమలు, మిగిలిపోయిన సబ్జెక్టులు, ఊడిపోతున్న జుట్టు, బెంగళూరులో ఉద్యోగం. ఇవి ఫ్రెండ్స్ ముందు ఎత్తే మాటలు కావు. బిర్యానీ, చొక్కాలు, షూలు, బైకు, జిమ్ము, టర్ఫ్ క్రికెట్ లాంటివి నలుగురూ కలిసి తేల్చుకుంటారు. కోచింగు, స్కిన్ క్లినిక్కు, లోను లాంటివి ఒంటరిగా, కొన్నిసార్లు ఇంట్లో కూడా చెప్పకుండా తేల్చుకుంటారు. మొదటి రకం అమ్మేవాళ్ళు హాలు వైపు చూడండి, రెండో రకం వాళ్ళు ఫోన్ వైపు. కిందది చదివే ఓపిక లేకపోతే ఇక్కడితో ఆపేసినా నష్టం లేదు.

కుర్రకారు ఇంకా హాలుకి ఎందుకు వస్తున్నారు

2016లో జియో వచ్చి డేటా చవకైనప్పుడు, ఆ తర్వాత ఓటీటీలు పెరిగినప్పుడు, కరోనాలో హాళ్ళు మూసేసినప్పుడు, మూడుసార్లూ నాకు ఒకే మాట చెప్పారు, ఇంక హాళ్ళ పని అయిపోయిందని. అవ్వలేదు. కొన్ని హాళ్ళు కల్యాణమండపాలుగా మారిన మాట నిజమే, మిగిలిన వాటిలో వారం మధ్యలో పావు హాలు కూడా నిండని సినిమాలున్న మాటా నిజమే, కానీ హాలుకి వచ్చేవాళ్ళలో కుర్రాళ్ళు మాత్రం తగ్గలేదు. తగ్గింది మా అమ్మ వయసు వాళ్ళు.

కథ కోసమైతే నెలా రెండు నెలలు ఆగితే ఫోన్‌లోకే వస్తుంది, అది వాళ్ళకీ తెలుసు. వాళ్ళు వచ్చేది వేరే వాటి కోసం. ఇరవై ఏళ్ళ పిల్లోడికి నెల్లూరులో సాయంత్రం ఎక్కడికి పోవాలో చెప్పండి చూద్దాం. ఇల్లు, హాస్టలు, టీ అంగడి, ఆదివారమైతే మైపాడు బీచి. ఆడపిల్లలకైతే ఆ టీ అంగడి కూడా లేదు. "సినిమాకి పోతున్నాం" అంటే ఇంట్లో పెద్దగా ప్రశ్నలు లేకుండా మూడు గంటలు వదిలేస్తారు. పైగా మే నెల మధ్యాహ్నం ఒంగోల్లోనో నెల్లూర్లోనో బయట నిలబడి చూడండి, మాట్నీకి ఎందుకు టికెట్ తెగుతుందో ఒళ్ళే చెప్తుంది. ఏసీ హాల్లో మూడు గంటలు చల్లగా కూర్చోవడానికి అయ్యే ఖర్చు, అదే నలుగురు ఏదన్నా హోటల్లో కూర్చుంటే అయ్యే ఖర్చు కన్నా చాలా తక్కువ.

దీనికి తోడు హీరో. అభిమానం గురించి మన జిల్లాల్లో కొత్తగా చెప్పేదేముంది. 2022 ఆగస్టు నుంచి పాత సినిమాలని మళ్ళీ విడుదల చేసే గాలి వీచింది కదా, అప్పుడు చూశాను, ఆ సినిమా మొదట వచ్చినప్పటికి పుట్టని పిల్లలు డైలాగులు ముందే చెప్పేస్తూ సీట్లెక్కి గంతులేశారు. ఆ సినిమా వాళ్ళ ఫోన్లలో ఎప్పటి నుంచో ఉంది. ఫోన్లో లేనిది పక్కవాడి ఈల. 2019లో సూళ్ళూరుపేట దగ్గర నూరడుగులకి పైగా వెడల్పున్న తెరతో హాలు పెట్టినప్పుడు (సూళ్ళూరుపేట అప్పటికి నెల్లూరు జిల్లాలోనే ఉంది, 2022లో తిరుపతి జిల్లాలోకి పోయింది) నెల్లూరు నుంచి కార్లు మాట్లాడుకొని పోయిన గుంపులు నాకు తెలుసు. మా పక్క షాపులో పనిచేసే కుర్రాడు జీతం రాకముందే అప్పు చేసి పోయాడు. ఏ సినిమా చూశావురా అంటే సినిమా పేరు కంటే ముందు తెర సైజు చెప్పాడు.

యాడ్‌లు ఇచ్చే పెద్ద కంపెనీలు వెంటపడేది కూడా ఇందుకే. ఈ వయసువాళ్ళు టీవీ ముందు కూర్చోరు, పేపరు తిప్పరు, ఇంట్లో సీరియల్ చూసేది అమ్మ. కానీ మొదటి జీతం, మొదటి బండి, మొదటిసారి తన డబ్బుతో కొనుక్కొనే ఫోను ఈ వయసులోనే వస్తాయి, అప్పుడు నోటికి అలవాటైన బ్రాండు చాలాకాలం వదలదు. హాల్లో లైట్లు తీసేశాక స్కిప్ బటన్ ఉండదు, వేలితో పైకి తోసేయడానికి లేదు, చెవుల్లో అదే మోత. థమ్సప్‌కి ఒకప్పుడు చిరంజీవి, తర్వాత మహేష్ బాబు కనిపించారంటే లెక్క అదే, తెర మీద చూసి ఈల వేసినవాడే ఇంటర్వెల్లో అదే మనిషి చేతిలో ఉన్న సీసా అడుగుతాడని.

అసలు సినిమా పుట్టిన రెండేళ్ళకే యాడ్‌లు పుట్టాయి. ఫ్రాన్స్‌లో లూమియర్ సోదరులు 1895లో జనానికి బొమ్మ చూపిస్తే, అమెరికాలో ఎడిసన్ కంపెనీ 1897లోనే ఒక సిగరెట్ బ్రాండు కోసం చిన్న బొమ్మ తీసింది. ఇప్పుడు మన హాల్లో సిగరెట్ సీన్లున్న సినిమా వేయాలంటే ముందు, మధ్యలో పొగాకు హెచ్చరిక చూపించాలి. పొగాకు వేలం రేటు బాగుంటే తప్ప ఊళ్ళో సందడి ఉండని ఒంగోల్లో ఆ హెచ్చరిక పడుతుంటే, పక్క సీట్లో రైతు కొడుకు "మా నాయన చూస్తే ఏడుస్తాడు" అని నవ్వడం నేను విన్నా.

హాలు లెక్క

రేట్లు ఊరికొకటి, హాలుకొకటి, సీజన్‌కొకటి, కాబట్టి నేను చెప్పే అంకెలు లెక్క నేర్చుకోవడానికే, బేరానికి కాదు. మామూలుగా హాలు యాడ్ రేటు పది సెకన్లకి, ఒక తెరకి, ఒక వారానికి చెప్తారు. వారం అంటే శుక్రవారం నుంచి గురువారం. అరవై నుంచి నూట ఇరవై సెకన్ల సినిమా తీయాలని కొందరికి సరదా ఉంటుంది, వద్దు, షాపు పేరు, ఏం దొరుకుతుంది, ఎక్కడుంది, ఈ మూడింటికి పది సెకన్లు చాలు, గట్టిగా అయితే ఇరవై.

ఆరు వందల సీట్ల హాలు అనుకోండి. రోజుకి నాలుగు ఆటలు, వారానికి ఇరవై ఎనిమిది. అన్నీ నిండితే 16,800 మంది, కానీ నిండవు. సగటున నూటికి ముప్పై అయిదు సీట్లు నిండాయనుకుంటే 5,880. అందులో మూడో వంతు యాడ్‌లు అయ్యాక వచ్చేవాళ్ళు, పాప్‌కార్న్ దగ్గర ఉన్నవాళ్ళు, ఇంకా టికెట్ స్కాన్ చేయించుకుంటున్నవాళ్ళు. ఉజ్జాయింపుగా నాలుగు వేలు మిగిలారు. వాళ్ళలో సగం మీకు కావాల్సిన వయసు అనుకుంటే రెండు వేలు. హాలు వారు వారానికి ఐదు వేలు అడిగితే ఒక్కో కుర్రాడు మీకు రెండున్నర రూపాయలకి పడ్డట్టు. ఈ కాగితం లెక్క వేసుకోకుండా "హాలు పెద్దది, సెంటర్లో ఉంది" అని డబ్బు కట్టినవాళ్ళని చాలామందిని చూశాను. హాలు మేనేజర్ని అడగాల్సిన మొదటి ప్రశ్న రేటు కాదు, పోయిన నెలలో సోమవారం మాట్నీకి ఎన్ని టికెట్లు తెగాయి అని అడగండి. ఆయన నవ్వితే అర్థం చేసుకోండి.

సింగిల్ స్క్రీన్ కొంటే వారమంతా ఒకే సినిమా మీద పందెం కాసినట్టు. శుక్రవారం మార్నింగ్ షోకి టాక్ పోతే ఆదివారానికి హాలు ఖాళీ, మీ యాడ్ ఖాళీ కుర్చీలకి పడుతుంది, డబ్బు వెనక్కి రాదు. మల్టీప్లెక్సులో నాలుగైదు తెరలు కలిపి కొంటే ఒక సినిమా పోయినా ఇంకోటి కాస్తుంది, ఖర్చు మాత్రం ఎక్కువ. జనం కూడా వేరు. మల్టీప్లెక్సుకి శనివారం, ఆదివారం మద్రాసు నుంచి, బెంగళూరు నుంచి ఇంటికొచ్చిన ఉద్యోగాల పిల్లలు వస్తారు, చేతిలో డబ్బుంటుంది, కానీ ఆదివారం రాత్రికి రైలెక్కేస్తారు, వాళ్ళకి జిమ్ము మెంబర్‌షిప్ అమ్మలేరు, చొక్కా అమ్మగలరు. సింగిల్ స్క్రీన్‌కి వచ్చేది ఊళ్ళోనే ఉండేవాడు. ఒంగోల్లో అయితే చుట్టుపక్కల నుంచి, చీమకుర్తి గ్రానైట్ వైపు పనిచేసే కుర్రాళ్ళతో సహా, వారానికొకసారి ఊళ్ళోకొచ్చి సినిమా, తిండి, బట్టలు అన్నీ ఒకే ట్రిప్పులో ముగించుకొని పోతారు. కర్నూలు రోడ్డులో బట్టల షాపున్న ఆయనకి నేను సింగిల్ స్క్రీనే చెప్పా.

పెద్ద హీరో సినిమా మొదటి వారం రేటు పెంచుతారు, నేనైతే ఆ వారం కొనను. మొదటి రోజు ఆటల్లో కాగితాలు చల్లుతూ, అరుస్తూ ఉంటారు, మీ బిర్యానీ పేరు కాదు కదా సినిమాలో డైలాగే వినపడదు. రెండో వారం మేలు. జనం సగమయినా చూస్తారు, రేటు దిగుతుంది. ఇంకో చిన్న కిటుకు, సోమవారం, మంగళవారం మాట్నీకి వచ్చే జనం తక్కువే గానీ వచ్చినవాళ్ళలో ఎక్కువ మంది క్లాసు ఎగ్గొట్టిన కాలేజీ పిల్లలే. వాళ్ళ లెక్చరర్లు ఇది చదువుతుంటే క్షమించాలి. మార్చిలో ఇంటర్ పరీక్షలు, ఆ తర్వాత సాయంత్రాలు ఐపీఎల్, కాబట్టి ఆ రోజుల్లో హాలు వాళ్ళు రేటు తగ్గించి పిలుస్తారు, పిలిచారని పోవద్దు.

చాలామంది మర్చిపోయేది సెన్సార్. హాల్లో వేసే వీడియో యాడ్‌కి కూడా సినిమాకి లాగే సెన్సార్ బోర్డు సర్టిఫికెట్ ఉండాలి. "పది సెకన్లకి కూడానా" అని ప్రతి ఒక్కరూ అడుగుతారు, అవును, పది సెకన్లకి కూడా. పండక్కి వేయాలనుకుంటే పండక్కి ముందు వారం నా దగ్గరికి రాకండి, కనీసం నెల ముందు రండి. ఇంకోటి, మీ అభిమాన హీరో పాట, క్లిప్పు, ఫోటో మీ యాడ్‌లో పెట్టమని అడగొద్దు. హక్కులు వాళ్ళవి. ఊళ్ళో ఎవరో పెట్టారు కదా అంటే వాళ్ళకింకా నోటీసు రాలేదంతే.

క్యూబ్, యూఎఫ్ఓ లాంటి డిజిటల్ సినిమా కంపెనీల ద్వారా వేస్తే ఏ ఆటకి ఎన్ని గంటలకి మీ యాడ్ పడిందో లాగ్ దొరుకుతుంది, అడిగి తీసుకోండి. అది అడగనివాళ్ళ యాడ్ రోజుకి రెండు ఆటలకే పడిన సందర్భాలున్నాయి. ఎక్కడ పడుతుందన్నది కూడా ముందే రాయించుకోండి. సినిమా మొదలవడానికి ముందు చివరి రెండు మూడు యాడ్‌లలో ఉంటే మంచిది, ఇంటర్వెల్ అవగానే పడేది అందరి వీపులకీ పడుతుంది, ఇంటర్వెల్ చివర్లో అయితే కాస్త నయం. మరీ ఎక్కువ యాడ్‌లు దట్టించే చోటికి పోవద్దు. బెంగళూరులో ఒకాయన యాడ్‌లతో నా టైము పాతిక నిమిషాలు పోయిందని ఒక మల్టీప్లెక్స్ మీద కేసు వేస్తే 2025 ఫిబ్రవరిలో వినియోగదారుల కమిషన్ ఆయనకి పరిహారం ఇవ్వమంది, తర్వాత హైకోర్టు దాని మీద స్టే ఇచ్చింది. కోర్టులో సంగతి ఎలా ఉన్నా హాల్లో సంగతి నాకు తెలుసు, పదో యాడ్‌కి జనం అరుపులు మొదలుపెడతారు, ఆ పదోది మీది కాకుండా చూసుకోండి.

నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. కావలిలో ఒక మెన్స్‌వేర్ షాపుకి ఇన్‌స్టా కోసం తీసిన నిలువు వీడియో ఉంది, బాగా వచ్చింది, ఖర్చు మిగులుతుందని అదే హాలుకి ఇచ్చేశా. మొదటి రోజు ఓనరు కుటుంబంతో సహా పోయి కూర్చున్నాడు, నేనూ పోయా. అంత పెద్ద తెర మధ్యలో సన్నగా, తలుపు సందులోంచి చూసినట్టు వీడియో, అటూ ఇటూ నలుపు, అడుగున ఫోన్ నంబరు చీమలబారులా. సౌండు ఫోన్‌కి సరిపోయేలా చేసింది కదా, హాల్లో గరగరమని వచ్చింది. వెనక వరసలోంచి ఎవడో "ఏందిరా ఇది, లిఫ్ట్‌లో తీశారా" అన్నాడు, హాలంతా నవ్వింది. ఓనరు నా వైపు చూడలేదు. ఆ వారం డబ్బు నేనే పెట్టుకున్నా. హాలుకి అడ్డంగా తీయాలి, అక్షరాలు తక్కువ, పెద్దవి ఉండాలి, ఫోన్ నంబరు బదులు గుర్తు పెట్టాలి. "ఫలానా గుడి పక్కన" అంటే గుర్తుంటుంది, పది అంకెలు చీకట్లో ఎవడు రాసుకుంటాడు.

ఫోన్ లెక్క

2020 జూన్ చివర్లో టిక్‌టాక్ ఆపేశారు, జూలైలో ఇన్‌స్టాగ్రామ్ మన దేశంలో రీల్స్ మొదలుపెట్టింది, పిల్లలందరూ అటు దూకేశారు. ఇక్కడ గొప్పతనం ఏంటంటే రోజుకి రెండు మూడు వందలతో కూడా మొదలుపెట్టొచ్చు, మ్యాప్‌లో షాపు దగ్గర పిన్ను పెట్టి చుట్టూ ఎన్ని కిలోమీటర్లో చెప్పొచ్చు, వయసు ఎంచుకోవచ్చు, పని చేయకపోతే మూడో రోజే ఆపేయొచ్చు. హాల్లో ఆపడం ఉండదు. డబ్బుకి కనిపించే మంది కూడా ఇక్కడే ఎక్కువ. కాకపోతే ఆ చూసేది రెండు సెకన్లు, బస్సు కిటికీలోంచి బోర్డు చూసినట్టు. ఖర్చులో పద్దెనిమిది శాతం జీఎస్టీ అదనం అని లెక్కలో వేసుకోండి, నెలాఖరులో బిల్లు చూసి నన్ను తిట్టొద్దు.

పోస్టు కింద డబ్బు కట్టి ఎక్కువమందికి చూపించమనే బూస్ట్ బటన్ ఉంటుంది, అది నొక్కేసి ఊరుకోకండి. ఏమీ ఎంచుకోకుండా నొక్కితే అది ఎక్కువగా లైకులే తెస్తుంది, లైకుతో బియ్యం రావు. ఇన్‌స్టా, ఫేస్‌బుక్ యాడ్‌లు పెట్టుకునే యాడ్స్ మేనేజర్‌లోకి పోయి వాట్సాప్ మెసేజ్ వచ్చేలా పెట్టుకోండి, అప్పుడు ఎంతమంది అడిగారో లెక్క తెలుస్తుంది. బిజినెస్ అకౌంట్‌లో సినిమా పాటలు పెట్టడానికి కుదరదు, కుదిరినట్టు కనిపించినా తర్వాత సౌండ్ తీసేస్తారు.

ఫుడ్ పేజీల వాళ్ళు, రీల్స్ చేసేవాళ్ళు మీ దగ్గరికి వస్తారు, ఎనభై వేల మంది ఫాలోవర్లున్నారు అంటారు. వాళ్ళ ఇన్‌సైట్స్‌లో ఏ ఊరి వాళ్ళు ఎంతమందో చూపించే పేజీ ఉంటుంది, దాన్ని మీ ముందు తెరవమనండి. స్క్రీన్‌షాట్ కాదు, మీ ముందే తెరవమనండి. ఒకసారి అలా తెరిస్తే మొదట హైదరాబాదు, తర్వాత బెంగళూరు, మూడోది విజయవాడ, నెల్లూరు ఐదో స్థానంలో ఉంది. అమీర్‌పేటలో ఉన్నవాడికి మన వేదాయపాళెం బిర్యానీ చూపించి ఏం లాభం? ఊళ్ళో ఆరేడు వేల మందే ఉన్నా, కింద కామెంట్లలో "ఇది మన పొగతోట దగ్గరే కదా" అని రాసే పేజీ దొరికితే వదలొద్దు.

నేను ముందు చెప్పిన గుంపు మాటకి ఇక్కడ ఒక మినహాయింపు ఉంది, ఒప్పుకుంటా. రీల్ బాగుంటే ఒకడు ఇంకో నలుగురికి పంపుతాడు, అప్పుడు ఫోన్ కూడా గుంపే. కానీ పంపుకునేది నవ్వొచ్చే వీడియోనో, తిండి వీడియోనో. బ్యాంకు కోచింగ్ ఆఫర్‌ని ఎవడూ ఫ్రెండ్స్ గ్రూపులో పెట్టడు. బాలాజీనగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ ఆయన హాల్లో వేస్తానని పట్టుబట్టాడు, వేశాం, లైట్లు ఆరిపోయి హీరో కోసం చూస్తున్నవాడికి "మీ భవిష్యత్తు" అని వినపడగానే కూతలు. తర్వాత అదే డబ్బు ఫలితాలు వచ్చిన వారంలో ఫోన్‌లో పెట్టాం, అప్పుడు అడిగినవాళ్ళున్నారు.

ఇంకా ఉన్న దారులు

లోకల్ కేబుల్ స్క్రోలింగ్ చవకే, కానీ చూసేది ఇంట్లో పెద్దవాళ్ళు, పట్టుచీరలకి, ఫర్నిచర్‌కి పెట్టుకోండి. పేపర్లో పెట్టే పాంప్లెట్ గురించి మాట్లాడను, కుర్రాళ్ళు పేపర్ పట్టుకోవడం నేను చూసి చాలాకాలమైంది.

ఫ్లెక్సీ మాత్రం కాస్త ఆలోచించాల్సిన విషయం. హీరో పుట్టినరోజుకో, సినిమా విడుదలకో అభిమానులు హాలు ముందు ఫ్లెక్సీ కడతారు, కింద మూలలో "శుభాకాంక్షలతో" అని మీ షాపు పేరు వేయించుకోమని అడుగుతారు. ఖర్చు తక్కువ, సెల్ఫీలు దిగి స్టేటస్‌లు పెడతారు కాబట్టి చూసే కుర్రాళ్ళు ఎక్కువ. చిక్కు ఎక్కడంటే, ఒక హీరో ఫ్లెక్సీలో పేరు పడ్డాక రెండో హీరో వాళ్ళు గుర్తుపెట్టుకుంటారు, మన దగ్గర హీరోతో పాటు పార్టీ, కులం కూడా కలిసొస్తాయి, దాచుకొని మాట్లాడటం ఎందుకు. ఒక మొబైల్ షాపాయన ఒక హీరోకి వేసి, గోల అయ్యాక బ్యాలెన్స్ కోసం ఇంకో ముగ్గురు హీరోలకి వేయాల్సొచ్చింది, ఏడాది పొడుగునా పుట్టినరోజులే ఆయనకి. వేస్తే అందరికీ వేయండి, లేదా ఎవరికీ వద్దు.

నాకు ఎక్కువ ఇష్టమైంది ఎవరూ పట్టించుకోని బండ్ల స్టాండు చీటీ. హాలు స్టాండులో ఇచ్చే టోకెను వెనక మీ పేరు, "ఈ చీటీ చూపిస్తే చికెన్ 65 ఫ్రీ" అని అచ్చు వేయించి ఇవ్వండి, స్టాండు కాంట్రాక్టరుకి అచ్చు ఖర్చు మిగులుతుంది కాబట్టి చాలావరకు ఒప్పుకుంటాడు. బండి తీసేదాకా వాడు దాన్ని జేబులో పెట్టుకొని కాపాడతాడు, పోగొట్టుకోడు. బయటికి పోయేటప్పుడు చీటీ వెనక్కి తీసుకునే చోటైతే సగం చింపి ఇచ్చేలా మాట్లాడుకోండి. తెర మీద చూసిన పేరు జేబులో కూడా ఉంటుంది, మీకేమో ఎన్ని చీటీలు తిరిగొచ్చాయో చేతిలో లెక్క ఉంటుంది.

ఆ బిర్యానీ ఆయన ముప్పై వేలు ఇలా పంచాం. యాడ్ తీయడం, సర్టిఫికెట్ అన్నీ కలిపి ఎనిమిది వేలు. షాపుకి బండి మీద ఐదు నిమిషాల్లో చేరే ఒక సింగిల్ స్క్రీన్‌లో రెండు వారాలు, పది వేలు. మల్టీప్లెక్స్ వద్దన్నా, అక్కడ నుంచి ఈయన షాపుకి రావాలంటే మధ్యలో పది బిర్యానీ షాపులు దాటాలి. చీటీల అచ్చుకి రెండు వేలు. ఇన్‌స్టాకి ఆరు వేలు, అది కూడా శుక్ర, శని, ఆదివారాలు సాయంత్రం, హాలు చుట్టూ కొన్ని కిలోమీటర్లకే. నాలుగు వేలు చేతిలో ఉంచుకోమన్నా.

మొదటి వారం అయ్యాక ఫోన్ చేశాడు, గొంతులోనే టెన్షన్. "ఏంది అన్నా, ఎవురూ రాలా. పదకొండు చీటీలే వచ్చినాయి." మరుసటి రోజు తొమ్మిదిన్నరకి నేనే హాలు దగ్గర నిలబడ్డా. ఫస్ట్ షో వదిలారు, చీటీ చేతిలో పట్టుకొని ఓ రెండు గుంపులు అటే పోయాయి. వెనకే పోయి చూస్తే షాపు ముందు ఐదారు బండ్లు ఆగున్నాయి, కౌంటర్లో పిల్లోడు డేక్సా వంచి చూపిస్తున్నాడు, అడుగున మాడు తప్ప ఏం లేదు. దమ్ము సాయంత్రం ఆరింటికి దించుతున్నారు, తొమ్మిదికల్లా అయిపోతోంది. ఆ సంగతి ఓనరుకి ఎవరూ చెప్పలేదు, ఆయన ఎనిమిదింటికే గల్లా లెక్కేసుకొని ఇంటికి పోతున్నాడు.

రెండో వారం ఎనిమిదిన్నరకి ఇంకో డేక్సా దించాడు. చీటీలు డెబ్భై నాలుగు వచ్చాయి.